యంత్రం చదివే పుస్తకానికి మార్కులు వేద్దాం

కృష్ణకు వరద వచ్చినప్పుడల్లా విజయవాడలో ఒక మాట వినబడుతుంది: “ప్రకాశం బ్యారేజి వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక జారీ అయింది.” ఆ మాట చెవిన పడగానే దిగువన ఉన్న లంక గ్రామాలవాళ్లు పశువులను గట్టు మీదికి తోలుకుంటారు. పడవలను ఒడ్డుకు కట్టేస్తారు. ధాన్యం బస్తాలు అటక ఎక్కుతాయి.

ఈ హెచ్చరిక ఎప్పుడు ఇస్తారు? ఎవరికి తోచినప్పుడు వాళ్లు ఇచ్చేది కాదు. దానికొక లెక్క ఉంది. బ్యారేజి నుంచి కిందికి పోయే నీరు 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి హెచ్చరిక. 5.69 లక్షలకు చేరితే రెండో హెచ్చరిక. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. 2009 అక్టోబరు వరదలో ఇక్కడ సుమారు 11 లక్షల క్యూసెక్కుల నీరు పోయింది. 2024 సెప్టెంబరు 2న 11.43 లక్షలు పోయింది.

ఇక్కడ మొదట కట్టింది ఆనకట్ట. ఆలోచన సర్ ఆర్థర్ కాటన్‌ది, దగ్గరుండి కట్టించింది కెప్టెన్ చార్లెస్ ఆర్. 1852లో మొదలై 1855లో పూర్తయింది. దాదాపు నూరేళ్లు నిలిచి, 1952లో తెగిపోయింది. దాని చోటులో 1957కు ప్రకాశం బ్యారేజి సిద్ధమైంది. దానికి 70 గేట్లు ఉన్నాయి. ఈ 70 అంకెను గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడొక ఊహ చేద్దాం. గేట్ల నుంచి వచ్చే అంకెలను చూసి, హెచ్చరిక ఎప్పుడు ఇవ్వాలో చెప్పే పనిని ఒక కంప్యూటర్ ప్రోగ్రాముకు అప్పగించామనుకోండి. బ్యారేజి నిజం, లెక్కలు నిజం. ఈ ప్రోగ్రాము మాత్రం పాఠం కోసం మనం ఊహించుకున్నదే సుమా!

ప్రోగ్రాముకూ పరీక్షలున్నాయి

ప్రోగ్రాము రాసేశాం. దాన్ని నమ్మడం ఎలా? పరీక్ష పెట్టాలి.

నీటి అంకె 2,00,000 ఇస్తే ప్రోగ్రాము ఊరుకుంది. 5,00,000 ఇస్తే మొదటి హెచ్చరిక ఇచ్చింది. బాగానే ఉందనుకుందామా? తొందరపడకండి. మీ పరీక్షల్లో పాసు మార్కు 35 అనుకోండి. 10 వచ్చినవాడు తప్పాడనీ, 80 వచ్చినవాడు గెలిచాడనీ ఎవరైనా చెబుతారు. తగవు వచ్చేదంతా 34, 35, 36 దగ్గరే. ప్రోగ్రాముల్లో తప్పులు కూడా ఎక్కువగా ఇలాంటి సరిహద్దుల దగ్గరే దాక్కుంటాయి. అందుకని పరీక్షించేవాళ్లు 3,96,999 ఇచ్చి చూస్తారు, 3,97,000 ఇచ్చి చూస్తారు, 3,97,001 ఇచ్చి చూస్తారు. అంకె బదులు ఖాళీ ఇస్తారు. అక్షరాలు ఇస్తారు. సున్నాకన్నా తక్కువ అంకె ఇస్తారు. ఒక మాటలో చెప్పాలంటే, తుంటరి పిల్లవాడు చేయగల పనులన్నీ ముందుగా తామే చేసి చూస్తారు.

గేట్లకూ పరీక్షలుండాలి కదా. ఒక్కో గేటు అంకెను నాలుగు రకాలుగా పరీక్షిద్దాం: గేటు పూర్తిగా తెరిచినప్పుడు, పూర్తిగా మూసినప్పుడు, సగం తెరిచినప్పుడు, మధ్యలో ఇరుక్కుపోయినప్పుడు. 70 గేట్లు, ఒక్కోదానికి 4 పరీక్షలు. మొత్తం 280 పరీక్షలయ్యాయి.

ఇది ఊసుపోక చేసే పని కాదు, పెద్ద వృత్తి. మన హైదరాబాదులోనే సాఫ్ట్‌వేరును పరీక్షించడమే పనిగా పెట్టుకున్న కంపెనీలు పుట్టాయి. యాప్‌ల్యాబ్స్ అనే కంపెనీ అటువంటిదే. దాన్ని 2011లో సి.ఎస్.సి. అనే అమెరికన్ కంపెనీ కొనుక్కుంది.

పరీక్షలకొక రిజిస్టరు

280 పరీక్షల్లో ఏది ఎవరు చేశారు? ఏది గెలిచింది? ఏది తప్పింది? ప్రోగ్రామును మార్చిన తర్వాత మళ్లీ చేశారా? ఇవన్నీ నోటుపుస్తకంలో రాసుకుంటే నాలుగు రోజుల్లో గందరగోళమే. అందుకోసం వేరే సాఫ్ట్‌వేరు ఉంది. దాన్ని పరీక్షల రిజిస్టరు అందాం. టెస్ట్‌లింక్, టెస్ట్‌రైల్ అనేవి అలాంటి రిజిస్టర్లే.

బడితో పోల్చి చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మాస్టారి దగ్గర ఒక ప్రశ్నల నిధి ఉంటుంది. అందులోంచి కొన్ని ప్రశ్నలు తీసి మూడు నెలల పరీక్ష పెడతారు. అవే ప్రశ్నలు అరసంవత్సర పరీక్షలోనూ రావచ్చు. ప్రశ్న ఒకటే, పరీక్షలు వేరు, మార్కులు వేరు. పరీక్షల రిజిస్టరులోనూ అంతే. నిధిలో ఉన్న ప్రశ్నకు ఒక నంబరు ఉంటుంది. ఈసారి పెట్టిన పరీక్షలో అదే ప్రశ్నకు మరో నంబరు ఉంటుంది. నిధి నంబరును, పరీక్ష నంబరును కలగాపులగం చేస్తే ఒకరి మార్కు మరొకరి ఖాతాలో పడుతుంది.

ఈ రిజిస్టరును వాడడం ఎలాగో చెప్పే పుస్తకం దానితోపాటే వస్తుంది. అది సాధారణంగా కాగితం పుస్తకం కాదు, కంప్యూటర్ తెర మీద చదివే పుస్తకం. ఏ పనికి ఏ ఆజ్ఞ ఇవ్వాలి, ఏ అంకెకు ఏమి అర్థం, పొరపాటైతే ఏ జవాబు వస్తుంది, అన్నీ అందులో ఉండాలి. మన కథకు అసలు కథానాయకుడు ఈ సూచనల పుస్తకమే.

కొత్త పాఠకుడు వచ్చాడు

ఇన్నాళ్లూ ఈ పుస్తకాన్ని మనుషులే చదివేవారు. ఇప్పుడు మరో పాఠకుడు వచ్చాడు. వాడి పేరు కృత్రిమ మేధ ఏజెంటు.

ఏజెంటు అనగానే మనకు ఎల్.ఐ.సి. ఏజెంటు గుర్తొస్తాడు. పోలిక మరీ తప్పేమీ కాదు. ఒకరి తరపున పని చక్కబెట్టేవాడే ఏజెంటు. కృత్రిమ మేధ ఏజెంటు కూడా అంతే, కాకపోతే వాడొక ప్రోగ్రాము. “ఈ 280 పరీక్షలూ నడిపి, ఫలితాలు రిజిస్టరులో ఎక్కించు” అని మామూలు మాటల్లో చెబితే చాలు. వాడే మెట్లు వేసుకుంటాడు, వాడే సూచనల పుస్తకం తెరుస్తాడు, వాడే ఆజ్ఞలు పంపుతాడు.

వాడి తలలో ఉండేది భాషా నమూనా. కోట్లాది పేజీలు చదివించి, ఒక మాట తర్వాత ఏ మాట రావచ్చో లెక్కగట్టడం దానికి నేర్పుతారు. అందువల్ల వాడికొక గొప్ప బలం, ఒక పెద్ద బలహీనత రెండూ అబ్బాయి. పుస్తకమంతా క్షణాల్లో చదివేస్తాడు, అలసట ఎరుగడు. కాని పుస్తకంలో ఏదైనా చెప్పకుండా వదిలేస్తే, ఆ ఖాళీని మరెక్కడో చదివినదానితో పూరించేస్తాడు. మనిషైతే తల గోక్కుంటాడు, పక్కవాణ్ణి అడుగుతాడు, పై అధికారికి ఫోను చేస్తాడు. ఏజెంటుకూ ఆగి అడగమని నేర్పవచ్చు గాని, అడగాలన్న అనుమానం వాడికి రావాలి కదా! చాలాసార్లు తడుముకోకుండా ముందుకు పోతాడు.

కాబట్టి పాత ప్రశ్న కొత్తగా ముందుకొచ్చింది. ఈ సూచనల పుస్తకం మంచిదా, కాదా? దానికి మార్కులు వేయడం ఎలా?

మూడు గోతులు

మార్కుల సంగతికి ముందు, ఏజెంటు ఎక్కడెక్కడ పడతాడో చూద్దాం.

మొదటి గొయ్యి: గుర్తులు. ఒక గేటు పరీక్ష తప్పింది. ఆ సంగతి రిజిస్టరులో రాయాలి. టెస్ట్‌లింక్‌కు ఏజెంటు పంపే ఆజ్ఞలో “తప్పింది” అనడానికి ఇంగ్లీషు “ఎఫ్” అక్షరం రాయాలి. టెస్ట్‌రైల్‌లోనైతే 5 అంకె రాయాలి. అందులో 1 అంటే గెలిచింది, 2 అంటే చేయడానికి వీల్లేక ఆగిపోయింది, 3 అంటే ఇంకా చేయలేదు, 4 అంటే మళ్లీ చేయాలి, 5 అంటే తప్పింది. ఇది తర్కంతో కనిపెట్టగలిగేది కాదు. పుస్తకం చెబితేనే తెలుస్తుంది. పుస్తకం చూడని ఏజెంటు “1 అంటే గెలుపు అయితే 2 అంటే ఓటమి” అనుకున్నాడనుకోండి. తప్పిన గేటు “ఆగిపోయింది” అని నమోదవుతుంది. రిజిస్టరు చూసే అధికారి “ఇంకా పరీక్షించలేదు కాబోలు” అనుకుంటాడు. తప్పు కళ్లెదుటే ఉండి కనబడకుండా పోతుంది.

రెండో గొయ్యి: తునకలు. పెద్ద జాబితాను అడిగితే చాలా సాఫ్ట్‌వేర్లు అంతా ఒకేసారి ఇవ్వవు, తునకలు తునకలుగా ఇస్తాయి. టెస్ట్‌రైల్ మామూలుగా ఒక్కసారికి 250 ఇచ్చి, ఇంకా ఉంటే తర్వాతి తునకకు దారి చూపిస్తుంది. మన పరీక్షలు 280. మొదటి తునకతోనే ఆగిపోయే ఏజెంటుకు ఎన్ని గేట్లు కనబడతాయో లెక్క వేయండి. 62 గేట్లకు 248 పరీక్షలు. 63వ గేటుకు సగమే. 64 నుంచి 70 దాకా ఏడు గేట్లు వాడి లెక్కలోనే లేవు! వాడు మాత్రం “అన్ని పరీక్షలూ గెలిచాయి” అని నివేదిక ఇస్తాడు. వాడు అబద్ధమాడలేదు, తనకు కనబడినవన్నీ గెలిచాయి. 2024 సెప్టెంబరు వరదలో కొట్టుకొచ్చిన పడవలు ఢీకొని బ్యారేజి గేట్ల బరువు దిమ్మెలు దెబ్బతిన్నది 67, 69 నంబరు గేట్ల దగ్గర. మన ఊహాలోకపు ఏజెంటు చూడకుండా వదిలేసిన వాటిలోనే అవీ ఉన్నాయి.

మూడో గొయ్యి: కొలతలు, మాటలు. నీటి ప్రవాహాన్ని మన ఊళ్లలో క్యూసెక్కుల్లో చెబుతారు. కేంద్ర జల సంఘం క్యూమెక్కుల్లో, అంటే సెకనుకు ఘనపు మీటర్లలో చెబుతుంది. ఒక క్యూమెక్కు సుమారు 35.3 క్యూసెక్కులకు సమానం. మొదటి హెచ్చరిక మట్టమైన 3.97 లక్షల క్యూసెక్కులు సుమారు 11,240 క్యూమెక్కులు అవుతుంది. పుస్తకంలో “ప్రవాహం అంకె ఇవ్వాలి” అని మాత్రమే రాసి కొలత రాయకపోతే? 11,240 అని వచ్చిన అంకెను క్యూసెక్కులనుకుంటే వరద కాదు గదా, కాలువ పారుతోందని అనిపిస్తుంది.

మాటలూ అంతే. “3.97 లక్షల వరకు హెచ్చరిక అక్కర్లేదు” అన్నారు. సరిగ్గా 3.97 లక్షలకు చేరితే ఇవ్వాలా, వద్దా? తెలుగులో “వరకు” అంటే ఆ చివరిది కలుస్తుందో లేదో సందర్భాన్ని బట్టి ఉంటుంది. తేదీ సంగతి చూడండి. 02/09/2024 అని రాస్తే మనకు సెప్టెంబరు 2, అమెరికావాళ్లకు ఫిబ్రవరి 9.

అంగారకుడి దగ్గర జరిగిన నిజం

“ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా?” అనకండి. అమెరికా 1998 డిసెంబరులో మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నౌకను అంగారకుడి వైపు పంపింది. 1999 సెప్టెంబరు 23న అది అంగారకుణ్ణి చేరి, అక్కడితో మాయమైంది. గ్రహానికి సుమారు 226 కిలోమీటర్ల ఎత్తున పోవలసినది సుమారు 57 కిలోమీటర్లకు దిగిపోయింది. కారణం కొలతలే. భూమి మీది ఒక ప్రోగ్రాము రాకెట్ల తోపును పౌండు-సెకన్లలో లెక్కగట్టి పంపింది. అందుకున్నవాళ్లు దాన్ని న్యూటన్-సెకన్లు అనుకున్నారు. ఆ రెండింటికీ తేడా సుమారు నాలుగున్నర రెట్లు.

ఇందులో మనం పట్టుకోవలసిన విషయం ఒకటుంది. న్యూటన్ల కొలతే వాడాలని సూచనల పత్రంలో స్పష్టంగానే రాసి ఉంది. పత్రం సరైనదే. పత్రం చెప్పినట్టు ప్రోగ్రాము నడుస్తోందా అని ఎవరూ సరిపోల్చి చూడలేదు. పుస్తకంలో మంచి మాట ఉన్నంత మాత్రాన చాలదన్నమాట. ఆ మాటా, జరిగే పనీ ఒకటి కావాలి.

మార్కులు వేసే పద్ధతి

సూచనల పుస్తకాన్ని చూసి “అబ్బ! ఎంత అందంగా ఉందో!” అనడం తేలిక. అచ్చు బాగుంది, బొమ్మలున్నాయి, ఐదు వందల పేజీలుంది. వీటికి మార్కులు వేయకూడదు. వంటల పుస్తకం మంచిదా కాదా అన్నది అట్ట చూస్తే తెలుస్తుందా? ఎన్నడూ పులుసు పెట్టనివాడు దాన్ని చూసి పులుసు పెట్టాలి. మనం రుచి చూడాలి. అదే పరీక్ష.

పుస్తకానికి మార్కు వేయాల్సింది రాసినవాడు కాదు. చదివినవాడు చేసిన పనే మార్కు వేస్తుంది.

కనుక ప్రయోగం ఇలా చేయాలి.

ముందుగా అసలు రిజిస్టరుకు నకలు ఒకటి తయారుచేయాలి. అసలుదాని మీద ప్రయోగాలు వద్దు. తుడిచేస్తే తిరిగి రాని పనులు అందులో ఉంటాయి.

తర్వాత కొన్ని పనులు ఎంచుకోవాలి. జవాబు మనకు ముందే తెలిసి ఉండాలి. “తప్పిన పరీక్షలెన్నో చెప్పు” అన్నది ఒక పని. 41వ గేటు, 68వ గేటు పరీక్షలను మనమే కావాలని తప్పించి పెట్టామనుకోండి. సరైన జవాబులో ఆ రెండూ ఉండాలి. 68వ గేటును ఎందుకు ఎంచుకున్నామో మీకు తెలిసే ఉంటుంది!

ఏజెంటుకు పుస్తకం మాత్రమే ఇవ్వాలి. నోటిమాటగా సాయం చేయకూడదు. పని అయిందని వాడు చెబితే నమ్మకూడదు. రిజిస్టరు తెరిచి మనమే చూడాలి.

ఒక్కసారి చేసి ఊరుకోకూడదు. భాషా నమూనా ఒకే ప్రశ్నకు ఒక్కోసారి ఒక్కో రకంగా జవాబు ఇవ్వవచ్చు. అందుకే అదే పనిని పదిసార్లు చేయించి, ఎన్నిసార్లు సరిగా చేశాడో లెక్కపెట్టాలి.

ఇంకొక మెలిక ఉంది. ఏజెంటు పదికి తొమ్మిదిసార్లు గెలిచాడనుకుందాం. ఆ గొప్ప పుస్తకానిదేనా? ఆ రిజిస్టరు గురించి వాడు ఇదివరకే ఎక్కడో చదివి ఉండవచ్చు. ఈ అనుమానం తీర్చుకోవడానికి సైన్సులో మంచి ఉపాయముంది. కొత్త ఎరువు పనిచేస్తోందో లేదో చూడాలంటే రైతు ఒక మడికి ఎరువు వేస్తాడు, పక్క మడికి వేయడు. రెండిటి పంటనూ పోల్చి చూస్తాడు. ఇక్కడా అంతే. పుస్తకం ఇచ్చి పదిసార్లు, ఇవ్వకుండా పదిసార్లు చేయించాలి. రెండూ ఒకేలా ఉంటే ఆ పనిలో పుస్తకం వల్ల ఒరిగిందేమీ లేదు.

ఇంకా చిలిపి ఉపాయం మరొకటి. నకలు రిజిస్టరులో “తప్పింది” గుర్తును 5 నుంచి 7కు మార్చాలి. పుస్తకంలోనూ 7 అనే దిద్దాలి. ఏజెంటు 7 రాస్తే పుస్తకం చదివి చేస్తున్నాడన్నమాట. 5 రాస్తే పాత జ్ఞాపకంతో నెట్టుకొస్తున్నాడన్నమాట. సాఫ్ట్‌వేరు కొత్త రూపం వచ్చినప్పుడల్లా నిజంగా జరిగేది ఇదే. ఆజ్ఞలు మారతాయి, పాత అలవాటు మారదు. అందుకే మంచి పుస్తకం మొదటి పేజీలోనే “ఇది ఫలానా రూపానికి, ఫలానా తేదీన దిద్దినది” అని ఉంటుంది.

చివరగా, ఎక్కడ తప్పాడో ఆ చోటు వెతకాలి. “జాబితా ఇంకా మిగిలి ఉంటే తర్వాతి తునక అడగాలి” అన్న వాక్యం లేకపోవడమే కారణమనిపించిందా? ఆ ఒక్క వాక్యమే చేర్చి మళ్లీ పదిసార్లు చేయించాలి. ఒకేసారి పది మార్పులు చేస్తే ఏది మేలు చేసిందో తెలియదు.

ఎక్కువ రాస్తే ఎక్కువ మార్కులా?

“అయితే అన్నీ రాసేద్దాం, వెయ్యి పేజీలు చేద్దాం” అనుకుంటున్నారా? అదీ తప్పే. 2023లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవారూ మరికొందరూ కలిసి అప్పటి భాషా నమూనాలకు పొడుగాటి పాఠాలిచ్చి చూశారు. పాఠం మొదట్లోనూ చివరా ఉన్న విషయాన్ని అవి బాగా పట్టుకున్నాయి. మధ్యలో ఉన్నదాన్ని ఎక్కువగా జారవిడిచాయి. పాఠం మధ్యలో కునుకు తీసే విద్యార్థి మీకు తెలిసే ఉంటాడు! కాబట్టి ముఖ్యమైన హెచ్చరికను 312వ పేజీలో పూడ్చకూడదు. ఏ పని చెబుతున్నామో ఆ పని పక్కనే ఉండాలి. “తుడిచేస్తే తిరిగి రాదు” అన్న మాట తుడిచే ఆజ్ఞకు ముందు ఉండాలి గాని, తర్వాత ఉంటే ఏం లాభం?

పుస్తకంలో ఏది ఎక్కడుందో చెప్పే విషయసూచిక కూడా కావాలి. జెరెమీ హోవర్డ్ అనే ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు 2024 సెప్టెంబరులో ఒక సూచన చేశారు. ప్రతి సంస్థా తన పత్రాల పట్టికను చిన్న ఫైలుగా, భాషా నమూనాలు సులువుగా చదువుకునేలా, ఒకే పేరుతో ఒకే చోట ఉంచాలన్నారు.

మాటల బరువు గురించి అంతకన్నా పాత పత్రం ఒకటుంది. ఇంటర్నెట్ నియమాలు రాసేవాళ్లకోసం స్కాట్ బ్రాడ్నర్ 1997 మార్చిలో రాసినది. దాన్ని ఆర్.ఎఫ్.సి. 2119 అంటారు. “మస్ట్” అంటే చేసి తీరాలి. “షుడ్” అంటే తగిన కారణం ఉంటే తప్ప మానకూడదు. “మే” అంటే చేసినా సరే, మానినా సరే. మూడు మాటలకు మూడు బరువులు ఏర్పరిచారు. మన మాటల్లో చూడండి. “గేటు అంకె సరిచూసుకుంటే మంచిది” అన్నది ఆజ్ఞా, సలహానా? అమ్మ “వానొచ్చేలా ఉంది, గొడుగు తీసుకెళ్తే మంచిది” అంటే అది ఆజ్ఞ అని మనకు తెలుసు. యంత్రానికి ఆ గొంతు వినబడదు. దానికి అక్షరాలే కనబడతాయి.

మార్కుల పట్టిక

ఇప్పటిదాకా చెప్పుకున్నదాన్ని ఐదు ప్రశ్నలుగా కూర్చుకుందాం. ఒక్కోదానికి నాలుగు మార్కులు, మొత్తం 20.

1. కావలసిన సంగతి సులువుగా దొరుకుతుందా? విషయసూచిక ఉందా?

2. ప్రతి అంకెకూ కొలత, ప్రతి గుర్తుకూ అర్థం, ప్రతి జాబితాకూ పరిమితి చెప్పారా?

3. చేసి తీరవలసినదీ, చేయదగినదీ, చేయకూడనిదీ వేరువేరుగా తెలుస్తున్నాయా?

4. పొరపాటు జరిగితే ఏ జవాబు వస్తుందో, అప్పుడేం చేయాలో ఉందా? ఉదాహరణకు, ఆజ్ఞలు మరీ వేగంగా పంపితే వెబ్ సాఫ్ట్‌వేర్లు 429 అనే నంబరుతో “మరీ ఎక్కువగా అడుగుతున్నావు” అని చెబుతాయి. కాసేపు ఆగాలని పుస్తకం చెప్పకపోతే, ఏజెంటు తలుపు తట్టుతూనే ఉండవచ్చు.

5. పుస్తకంలోని ఉదాహరణలను ఉన్నవి ఉన్నట్టు చేసి చూస్తే నిజంగా పనిచేస్తున్నాయా?

ఈ పట్టిక దారి చూపే దీపం మాత్రమే. పట్టికలో 20కి 20 వచ్చినా, పదిసార్ల ప్రయోగంలో ఏజెంటు 68వ గేటును పట్టుకోలేకపోతే ఆ పుస్తకం తప్పినట్టే. ఎందుకంటే దిగువ లంకల్లో ఉన్నవాళ్లకు పుస్తకం అందంతో పని లేదు. హెచ్చరిక వేళకు రావాలి, అంతే.

ఒక సందేహం రావచ్చు. యంత్రం కోసం ఇంత శ్రమపడి రాస్తే మనుషులకు పనికిరాకుండా పోతుందా? అలా ఏమీ జరగదు. గుర్తుకు అర్థం చెప్పడం, కొలత రాయడం, హెచ్చరిక ముందు పెట్టడం, ఇవి ఉద్యోగంలో చేరిన మొదటి రోజు కుర్రవాడికీ కావలసినవే. పాతవాళ్లకు మాత్రం ఇవి కనబడవు. వాళ్లు పుస్తకంలో లేనిదాన్ని తమ అనుభవంతో నింపుకుని చదువుతారు. ఏమీ తెలియని పాఠకుడు వచ్చినప్పుడే పుస్తకంలోని చిల్లులు బయటపడతాయి.

మీరే చేసి చూడండి

ఈ ప్రయోగానికి కంప్యూటరు అక్కర్లేదు. ఇద్దరు స్నేహితులు, రెండు కాగితాలు, పెన్సిళ్లు చాలు.

ఒక చతురస్రం, దాని మీద ఒక త్రిభుజం, లోపల ఒక చిన్న వృత్తం ఉన్న బొమ్మ గీయండి. దాన్ని ఎవరికీ చూపకండి. ఆ బొమ్మ ఎలా గీయాలో ఐదు వాక్యాల్లో రాయండి. “ఇల్లు” అన్న మాట వాడకూడదు. ఆ కాగితం మొదటి స్నేహితుడికి ఇచ్చి గీయమనండి. వాడు ఏది అడిగినా మీరు నోరు విప్పకూడదు. పూర్తయ్యాక రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి చూడండి. త్రిభుజం ఎక్కడికో పోయిందా? వృత్తం చతురస్రం కంటే పెద్దదైందా? స్నేహితుణ్ణి తిట్టకండి. మీ వాక్యాల్లో ఏది చెప్పలేదో వెతకండి. ఒక్క వాక్యమే దిద్ది, ఇంతవరకు బొమ్మ చూడని రెండో స్నేహితుడికి ఇవ్వండి. మొదటివాడికే మళ్లీ ఎందుకు ఇవ్వకూడదో చెప్పగలరా?

ఆ జవాబు చెప్పగలిగితే, సూచనల పుస్తకానికి మార్కులు వేయడం మీకు వచ్చినట్టే.